తుపాకీ నమోదు: హద్దు దాటగానే మారిపోయే నిబంధన

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. ఫ్లోరిడాలో నివసించి ఇటీవల కాలం చేసిన మీ పెదనాన్నగారు తమ వీలునామాలో ఒక పిస్తోలును, రెండు వేట రైఫిళ్ళను, సీరియల్ నంబరు ఎక్కడా కనిపించని ఒక పాత షాట్‌గన్‌ను మీకు రాసి వెళ్ళారు. మీరు ఉండేది హవాయిలో. ఈ ఆయుధాల రిజిస్ట్రేషన్ కాగితాలు ఇప్పించమని ఫ్లోరిడా అధికారులను అడిగితే అలాంటి కాగితాలే ఉండవన్నారు. హవాయి పోలీసులను అడిగితే రిజిస్టరు చేయించకుండా వీటిని ఇంట్లో ఉంచుకోవడం కుదరదన్నారు. ఒకే దేశంలో ఇద్దరు అధికారులు ఇంత విరుద్ధంగా మాట్లాడుతున్నారంటే వారిలో ఎవరో ఒకరు పొరబడి ఉండాలని మీరు అనుకోవడం సహజమే. కాని ఇద్దరూ తమ తమ చట్టం ప్రకారం సరిగానే చెప్పారు.

వారసత్వ ఆస్తుల కాగితాలు చూసే పనిలో నేను పాతికేళ్ళకు పైగా ఉన్నాను. ఇల్లు, భూమి, బ్యాంకు ఖాతా వంటివి ఒక చోటి నుంచి మరో చోటికి చేతులు మారేటప్పుడు పద్ధతి కొంచెం అటూ ఇటూ అయినా మూలసూత్రం ఒకటే ఉంటుంది. తుపాకీ విషయంలో అలా ఉండదు. దీనికి అసలు కారణం చట్టాల కాఠిన్యంలో ఉన్న తేడా అని చాలామంది అనుకుంటారు గాని, నా అనుభవంలో అంతకన్నా పెద్ద కారణం మాటలో ఉంది. రిజిస్ట్రేషన్ అన్న ఒకే మాటతో ఒక్కో ప్రభుత్వం ఒక్కో పుస్తకాన్ని పిలుస్తుంది. ఒక చోట ఆ పుస్తకంలో మనిషి పేరు ఉంటుంది, తుపాకీ ఊసు ఉండదు. ఇంకొక చోట మనిషి లైసెన్సు మీదనే అతని దగ్గరున్న ప్రతి ఆయుధమూ నంబరుతో సహా రాసి ఉంటుంది. మరొక చోట తుపాకీ ఎవరి దగ్గర ఉందో ఎవరూ రాయరు, అది అమ్ముడుపోయిన రోజున జరిగిన లావాదేవీని మాత్రం రాసి ఉంచుతారు. కొన్ని చోట్ల వస్తువుకే ఒక కార్డు ఉండి, యజమాని మారినా ఆ కార్డు వస్తువు వెంటే వెళుతుంది. అందువల్ల ‘ఇక్కడ నమోదు తప్పనిసరా?’ అని అడిగితే ఎప్పుడూ సరైన సమాధానం దొరకదు. ఏ వస్తువును, ఎవరు, ఎన్ని రోజుల్లోగా, ఎవరి దగ్గర రాయించాలి, ఆ రాత ఎంతకాలం నిలుస్తుంది అని విడివిడిగా అడగాలి.

మీకు నేరుగా సంబంధించిన అమెరికాతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ పుస్తకాలన్నీ పక్కపక్కనే కనిపించే దేశం అది. సాధారణ పిస్తోళ్ళకు, రైఫిళ్ళకు, షాట్‌గన్‌లకు కేంద్ర ప్రభుత్వ రిజిస్టరు లేదు. అంతే కాదు, 1986లో వచ్చిన తుపాకీ యజమానుల రక్షణ చట్టం అలాంటి రిజిస్టరును ఏర్పాటు చేయకూడదని కేంద్రానికి స్పష్టంగా నిషేధం పెట్టింది. అయితే 1968 తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ప్రతి డీలరూ తాను కొన్న, అమ్మిన ఆయుధాల చిట్టా రాయాలి, కొనుగోలుదారు చేత 4473 నంబరు ఫారం నింపించి తన దగ్గరే భద్రపరచాలి. ఒకప్పుడు ఆ ఫారాలను 20 ఏళ్ళ తర్వాత పారవేసే వీలుండేది. 2022లో వచ్చిన నిబంధనతో వ్యాపారం సాగినంతకాలం ఉంచవలసిందే అయింది. నేరస్థలంలో ఒక తుపాకీ దొరికితే ఏటీఎఫ్ (మద్యం, పొగాకు, తుపాకుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ) తయారీదారును అడుగుతుంది, తయారీదారు టోకు వ్యాపారిని చూపిస్తాడు, ఆయన దుకాణాన్ని, దుకాణం మొదటి కొనుగోలుదారును చూపిస్తాయి. ఆ మొదటి కొనుగోలుదారు దాన్ని తర్వాత ఎవరికైనా చేతికిచ్చి అమ్మి ఉంటే కేంద్రానికి తెలిసే గొలుసు అక్కడితో తెగిపోతుంది. మూతపడిన దుకాణాల రికార్డులు వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్ కేంద్రానికి చేరతాయి గాని, వాటిని మనిషి పేరుతో వెతికే వీలు ఉండకూడదన్న ఆంక్ష ఉంది. కొనుగోలుదారు నేరచరిత్రను పరిశీలించే ఎన్‌ఐసీఎస్ వ్యవస్థ 1998 నవంబరు నుంచి పనిచేస్తున్నది. అందులో అనుమతి పొందిన వారి వివరాలను 24 గంటల్లోగా చెరిపివేయాలి. అంటే సమాచారం ఎక్కడో ఒక చోట ఉంది, కాని దాన్ని ఒక్క చోటికి చేర్చకూడదన్నది ఆ దేశం కావాలని చేసుకున్న నిర్ణయం.

దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, మీ పాత షాట్‌గన్ దృష్ట్యా దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. 1934 జాతీయ ఆయుధ చట్టం మరతుపాకులను, సైలెన్సర్లను, 16 అంగుళాలకన్నా (మొదట్లో ఇది కూడా 18) పొట్టి గొట్టం ఉన్న రైఫిళ్ళను, 18 అంగుళాలకన్నా పొట్టి గొట్టం ఉన్న షాట్‌గన్‌లను వేరు చేసి, వాటికి 200 డాలర్ల పన్నును, కేంద్ర రిజిస్టరులో నమోదును విధించింది. 1934లో ఆ పన్ను చాలా తుపాకుల ధరకన్నా ఎక్కువ. 2026 జనవరి 1 నుంచి మరతుపాకులకు, విధ్వంసక సాధనాలకు (బాంబులు, గ్రెనేడ్ల వంటివి) తప్ప మిగిలినవాటికి పన్ను సున్నా అయింది, నమోదు మాత్రం అలాగే ఉంది. మొదట్లో ఈ చట్టం నమోదు కాని ఆయుధం ఎవరి దగ్గర ఉంటే వారే వచ్చి రాయించుకోవాలని చెప్పేది. 1968లో సుప్రీంకోర్టు హేన్స్ కేసులో దీన్ని తప్పుపట్టింది: చట్టవిరుద్ధంగా ఆయుధం ఉంచుకున్నవాణ్ణి ‘నా దగ్గర ఉంది’ అని రాసివ్వమనడం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమనడమేనని, అది రాజ్యాంగపు అయిదవ సవరణకు విరుద్ధమని తీర్పు చెప్పింది. వెంటనే అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు చట్టాన్ని తిరగరాసింది. 1968 నవంబరులో ఒక నెల పాటు ఎవరైనా, ఏదైనా శిక్ష భయం లేకుండా రాయించుకునే గడువు ఇచ్చింది. ఆ తర్వాత తయారుచేసేవారు, దిగుమతి చేసేవారు, అప్పగించేవారు మాత్రమే నమోదు చేయించగలరు, ఊరికే చేతిలో ఉన్నవారు చేయించలేరు అని మార్చింది. ఈ మార్పు ఫలితం వారసుల మీద ఎలా పడుతుందో చివరలో చెబుతాను.

రాష్ట్రాల స్థాయికి వస్తే దృశ్యం పూర్తిగా మారుతుంది. ఫ్లోరిడాలో 2004 నాటి చట్టం ప్రకారం చట్టబద్ధంగా తుపాకీ ఉన్నవారి జాబితాను ప్రభుత్వ కార్యాలయాలు తయారుచేయడమే నేరం. పై అధికారులకు తెలిసి అలాంటి జాబితా తయారైతే ఆ సంస్థకు 50 లక్షల డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు. కాబట్టి ‘కాగితాలు ఉండవు’ అని మీతో అన్న అధికారి నిర్లక్ష్యంగా మాట్లాడలేదు, అవి ఉంటే ఆయనే చిక్కుల్లో పడేవారు. హవాయిలో దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి. అక్కడ తుపాకీని సొంతం చేసుకునే ముందే కౌంటీ పోలీసు అధిపతి నుంచి అనుమతి తీసుకోవాలి, చేతికి వచ్చాక 5 రోజుల్లోగా నమోదు చేయించాలి. బయటి నుంచి తీసుకువస్తే మనిషి, ఆయుధం, ఈ రెండింటిలో ఏది ఆలస్యంగా చేరుకుంటే ఆ రోజు నుంచి 5 రోజులు లెక్క. కొనుగోలు ఒక్కటే కాదు, బహుమతి, వారసత్వం, వీలునామా కూడా అనుమతి సెక్షన్‌లో పేరుపెట్టి చెప్పారు. పైగా పనిచేసేదైనా పనిచేయనిదైనా, కొత్తదైనా పురాతనమైనదైనా అనుమతి కావాలని ఆ సెక్షన్ అంటుంటే, నమోదు సెక్షన్ మాత్రం 1899కి ముందు తయారైనవాటిని వదిలేస్తుంది. ఒకే చట్టంలో పక్కపక్కన ఉన్న రెండు సెక్షన్ల పరిధి ఇలా వేరుగా ఉండడం నేను చాలా చోట్ల చూశాను. ఒక్క సెక్షన్ చదివి నిర్ణయానికి రావద్దని నేను ఇంతగా చెప్పడానికి కారణం ఇదే.

ఈ రెండు కొసల మధ్య మిగతా రాష్ట్రాలు రకరకాలుగా సర్దుకున్నాయి. కాలిఫోర్నియాకు కొత్తగా నివాసం మార్చినవారు తమ ఆయుధాల వివరాలను 60 రోజుల్లోగా తెలియజేయాలి. మేరీల్యాండ్‌లో పిస్తోళ్ళు, మరికొన్ని నియంత్రిత ఆయుధాల వరకు 90 రోజులు గడువు. న్యూయార్కులో పిస్తోలు లైసెన్సు మీదనే ఒక్కొక్క పిస్తోలు వివరం ఉంటుంది. ఇల్లినాయ్‌లో 1968 నుంచి ఉన్న ఫాయిడ్ కార్డు మనిషికి ఇచ్చే గుర్తింపు, అది తుపాకీ రిజిస్టరు కాదు. కాని 2023లో వచ్చిన చట్టం కొన్ని రకాల ఆయుధాలకు మాత్రం 2024 జనవరి 1లోగా ప్రమాణపత్రం దాఖలు చేయాలన్నది. ఒకే రాష్ట్రంలో రెండు పుస్తకాలు ఇలా పుడతాయి.

వీటన్నిటిలో మాట ఎంత జారుడుగా ఉంటుందో తెలిపే ఉదాహరణగా నేను పెన్సిల్వేనియాను చూపిస్తాను. ఆ రాష్ట్ర చట్టం తుపాకుల రిజిస్టరు ఉండరాదని చెబుతుంది. అయినా రాష్ట్ర పోలీసులు పిస్తోలు అమ్మకాల వివరాలను ఒక డేటాబేసులో ఉంచుతున్నారు. ఇది నిషేధాన్ని ఉల్లంఘించడమేనని వేటగాళ్ళ సంఘం ఒకటి కోర్టుకు వెళితే, 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రాష్ట్రంలో జరిగిన అమ్మకాల రికార్డు అది, రాష్ట్రంలో ఉన్న తుపాకులన్నిటి జాబితా కాదు. బయటి నుంచి తెచ్చుకున్నది, అమ్మకం లేకుండా చేతికి వచ్చింది అందులో కనబడవు కాబట్టి దాన్ని రిజిస్టరు అనలేము అన్నది ఆ తీర్పు సారం. ఆ తర్కం నాకు సమంజసంగానే తోచింది. అయితే సామాన్యుడి వైపు నుంచి చూస్తే, తన పేరు పోలీసుల దగ్గర ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఆ జాబితాను ఏ పేరుతో పిలుస్తారన్నది అతనికి అక్కరలేదు. కోర్టులు, పోలీసులు, యజమానులు ఒకే పదాన్ని మూడు అర్థాల్లో వాడడం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

కొలంబియా జిల్లా, అంటే రాజధాని వాషింగ్టన్, ఇంకొక పాఠం నేర్పుతుంది. 2008లో హెల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అక్కడి పిస్తోళ్ళ నిషేధాన్ని కొట్టివేశాక, జిల్లా ప్రభుత్వం వివరమైన నమోదు పద్ధతిని తెచ్చింది. 2015లో అప్పీలు కోర్టు నమోదును, వేలిముద్రలు ఫోటో కోసం స్వయంగా హాజరు కావడాన్ని సమర్థించి, తుపాకీని కూడా వెంట తేవాలనడం, మూడేళ్ళకోసారి మళ్ళీ నమోదు చేయించడం, చట్టంపై పరీక్ష రాయడం, 30 రోజులకు ఒక్కటే పిస్తోలు అనే పరిమితి, ఈ నాలుగింటినీ కొట్టివేసింది. నమోదు ఉండవచ్చా అన్నది ఒక వివాదం అయితే, నమోదు పేరిట ఎంతవరకు అడగవచ్చు అన్నది ఇంకొక వివాదం. రెండవది ఇప్పటికీ కోర్టుల్లో నడుస్తూనే ఉంది, అందుకే రెండేళ్ళ కిందటి సలహాను ఈ విషయంలో నేను నమ్మను, నాదైనా సరే.

అమెరికా దాటి చూస్తే తేడాలకు వేరే కారణాలు కనబడతాయి. కెనడాలో పిస్తోళ్ళ నమోదు 1934 నుంచి ఉంది. 1995 తుపాకుల చట్టం దాన్ని రైఫిళ్ళకు, షాట్‌గన్‌లకు కూడా విస్తరించింది. ఫీజులు పోగా ఖజానా మీద పడే భారం 20 లక్షల డాలర్లే అని అప్పట్లో అంచనా వేశారు; 2002లో ఆడిటర్ జనరల్ మొత్తం కార్యక్రమం ఖర్చు కొద్ది ఏళ్ళలో 100 కోట్ల డాలర్లు దాటుతుందని నివేదించారు. 2012లో పార్లమెంటు పొడవాటి తుపాకుల రిజిస్టరును రద్దుచేసి ఆ వివరాలను చెరిపివేయమంది. క్విబెక్ తన భాగం తనకివ్వమని కోర్టుకెక్కి, 2015లో సుప్రీంకోర్టులో 5–4 తేడాతో ఓడిపోయింది. ఆ తర్వాత క్విబెక్ తన సొంత చట్టం చేసుకుని 2018 జనవరి 29 నుంచి సొంత రిజిస్టరు నడుపుతున్నది. అందువల్ల ఇవాళ ఒకే వేట రైఫిలు అంటారియోలో ఏ రిజిస్టరులోనూ ఉండదు, నది దాటి క్విబెక్‌లో ఇల్లు తీసుకుంటే నమోదు కావాలి. అయినా కెనడాలో రికార్డు లేదని అనడానికి వీల్లేదు: 2022 మే నుంచి అమ్మేవారు కొనేవారి లైసెన్సు చెల్లుబాటును ధ్రువీకరించుకోవాలి, దుకాణాలు అమ్మకాల రికార్డులను 20 ఏళ్ళు ఉంచాలి. మనిషికి లైసెన్సు, నిషేధిత, పరిమిత ఆయుధాలకు నమోదు, సాధారణ ఆయుధాలకు దుకాణంలో చిట్టా, ఒక్క రాష్ట్రంలో పూర్తి రిజిస్టరు, ఇన్ని పొరలు ఒకే దేశంలో ఉన్నాయి.

న్యూజిలాండ్ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడ 1920లోనే తుపాకుల నమోదు వచ్చింది. దశాబ్దాలు గడిచేసరికి రిజిస్టరులో రాసి ఉన్నది ఒకటి, ఇళ్ళల్లో ఉన్నది ఒకటి అన్న స్థితి ఏర్పడింది. దాన్ని సరిదిద్దే పని తమ శక్తికి మించినదని పోలీసులే భావించారు. 1983 చట్టం రైఫిళ్ళ, షాట్‌గన్‌ల నమోదును విడిచిపెట్టి, మనిషిని పరిశీలించి లైసెన్సు ఇస్తే చాలన్న పద్ధతికి మారింది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది హతులయ్యాక, దేశంలో ఎన్ని తుపాకులు ఎవరి దగ్గర ఉన్నాయో ఎవరికీ లెక్క తెలియదన్న విషయం అందరి ముందుకు వచ్చింది. 2020 చట్టం ప్రకారం కొత్త రిజిస్టరు 2023 జూన్ 24న మొదలై, అయిదేళ్ళ వ్యవధిలో నిండేలా ఏర్పాటు చేశారు. అంటే అదే దేశం నమోదును పెట్టింది, తీసివేసింది, మళ్ళీ పెట్టింది. మొదటిసారి అది విఫలం కావడానికి కారణం ఆలోచనలో ఉందని నేను అనుకోను. ఇల్లు మారినప్పుడు, మనిషి చనిపోయినప్పుడు, ఆయుధం చేతులు మారినప్పుడు ఎవరో ఒకరు ఆ పుస్తకాన్ని తెరిచి రాయాలి. ఆ రాత ఆగిన రోజు నుంచి ఏ రిజిస్టరైనా పాత కాగితంగా మారడం మొదలవుతుంది.

ఆస్ట్రేలియాలో ఆయుధాల మీద అధికారం రాష్ట్రాలది. 1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థర్ కాల్పులు జరిగిన పన్నెండు రోజులకే, మే 10న, అన్ని రాష్ట్రాలూ జాతీయ ఒప్పందానికి వచ్చి ప్రతి తుపాకీనీ నమోదు చేయాలని అంగీకరించాయి. కాని పుస్తకాలు రాష్ట్రానికొకటిగానే ఉండిపోయాయి. 2022 డిసెంబరులో క్వీన్స్‌లాండ్‌లోని వియాంబిల్లాలో పోలీసులపై కాల్పులు జరిగాక, ఒక రాష్ట్ర పోలీసులు మరొక రాష్ట్రపు రికార్డును వెంటనే చూడలేకపోవడం మీద గట్టి చర్చ జరిగింది. 2023 డిసెంబరులో ఒకే జాతీయ రిజిస్టరుకు ప్రభుత్వాలన్నీ ఒప్పుకున్నాయి, దాన్ని 2028 నాటికి పూర్తిచేయాలన్నది లక్ష్యం. జర్మనీ కూడా ఇదే దారిలో వచ్చింది. అక్కడ 500కు పైగా స్థానిక కార్యాలయాలు వేటికవే రికార్డులు ఉంచుకునేవి. ఐరోపా సంఘం ఆదేశం ప్రకారం వాటినన్నిటినీ కలిపి 2013 జనవరి 1న జాతీయ ఆయుధ రిజిస్టరును ఆరంభించింది. స్విట్జర్లాండ్ ప్రజలు మాత్రం 2011 ఫిబ్రవరిలో కేంద్ర రిజిస్టరును కోరిన ప్రతిపాదనను 56 శాతానికి పైగా ఓట్లతో తిరస్కరించారు. అక్కడ 2008 డిసెంబరు నుంచి ప్రతి కొనుగోలూ కాంటన్ (అక్కడి రాష్ట్రం) కార్యాలయంలో నమోదవుతుంది, అంతకు ముందు కొన్నవి చాలావరకు నమోదు కాకుండానే ఉండవచ్చు. బ్రెజిల్‌లోనైతే ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకునేవారి వివరాలు ఫెడరల్ పోలీసుల సినార్మ్ అనే రిజిస్టరులో, వేటగాళ్ళ, సేకర్తల, క్రీడాకారుల వివరాలు సైన్యం నడిపే సిగ్మా అనే మరో రిజిస్టరులో ఉండేవి. ఆయుధం ఒకే రకానిదైనా యజమాని ఏ కారణం చెప్పాడన్న దాన్నిబట్టి పుస్తకం మారేది. 2023 నుంచి ఆ బాధ్యతను పోలీసులకు మళ్ళించే ప్రయత్నం సాగింది.

మన దేశంలో 1959 ఆయుధ చట్టం కింద ముందు మనిషికి లైసెన్సు, ఆ లైసెన్సు మీదనే ఆయుధం వివరం, ఇప్పుడు జాతీయ డేటాబేసులో ఒక విశిష్ట సంఖ్య; 2019 సవరణ ఒకరి దగ్గర ఉండదగ్గ ఆయుధాలను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు కాలాన్ని మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచింది.

బ్రిటన్‌ను చాలామంది ఒకే నిబంధన ఉన్న దేశం అనుకుంటారు. ఇంగ్లండ్‌లో రైఫిలుకు ఇచ్చే సర్టిఫికెట్ మీద ప్రతి ఆయుధానికీ విడిగా సరైన కారణం చూపాలి. షాట్‌గన్ సర్టిఫికెట్ మీద తుపాకులను రాస్తారు గాని ఒక్కొక్కదానికి కారణం చూపనక్కరలేదు. గాలి తుపాకీ సంగతి మరీ విచిత్రం. ఇంగ్లండ్‌లో 12 అడుగు-పౌండ్ల లోపు శక్తి గల గాలి రైఫిలుకు ఏ సర్టిఫికెట్టూ అక్కరలేదు. అదే రైఫిలుతో స్కాట్లండ్‌లో కాలుపెడితే 2016 డిసెంబరు 31 నుంచి సర్టిఫికెట్టో సందర్శకుడి అనుమతో ఉండాలి. ఉత్తర ఐర్లండ్‌లో శక్తి 1 జౌలు దాటితే చాలు, సర్టిఫికెట్ కావాలి. మరోవైపు, 1996లో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ పాఠశాలలో జరిగిన హత్యల తర్వాత గ్రేట్ బ్రిటన్‌లో నిషేధించిన పిస్తోళ్ళను ఉత్తర ఐర్లండ్‌లో ప్రాణభయం రుజువైనవారికి ఇస్తారు.

ఇక జపాన్. అక్కడ వేట తుపాకీకి ఇచ్చే అనుమతి ఒక మనిషిని ఒక తుపాకీతో ముడివేస్తుంది, ఆ జంటలో ఏది మారినా అనుమతి పోతుంది. కాని పాతకాలపు వత్తి తుపాకులు, కత్తుల విషయంలో నమోదు కార్డును ప్రిఫెక్చర్ (అక్కడి రాష్ట్రస్థాయి ప్రాంతం) విద్యామండలి ఇస్తుంది, పోలీసులు కాదు. కార్డు వస్తువుదే, కొత్త యజమాని 20 రోజుల్లోగా తెలియజేస్తే సరిపోతుంది. ప్రమాదకరమైన ఆయుధాన్ని సాంస్కృతిక వస్తువుగా చూసినప్పుడు అదే ప్రభుత్వం ఎంత వేరుగా ప్రవర్తిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

తుపాకీ అంటే ఏ భాగం అన్నది కూడా అన్ని చోట్లా ఒకటి కాదు, దీన్ని చాలామంది గమనించరు. అమెరికాలో నంబరు చెక్కే ఫ్రేము లేదా రిసీవరే, అంటే పేల్చే యంత్రాంగాన్ని పట్టి ఉంచే చట్రమే, చట్టం దృష్టిలో తుపాకీ. సాధారణంగా గొట్టాన్ని, బోల్టును విడిభాగాలుగా ఎవరైనా కొనుక్కోవచ్చు. జర్మనీలో గొట్టం, బోల్టు కూడా ముఖ్య భాగాలు, వాటికీ అనుమతి, నమోదు ఉంటాయి. అందువల్ల ఒక దేశంలో ఒక్క ఆయుధంగా లెక్కకు వచ్చిన పెట్టె ఇంకొక దేశంలో మూడు నమోదులుగా మారవచ్చు. పురాతనం అన్న మాటకూ ఇదే గతి. అమెరికా కేంద్ర చట్టం 1898 లేదా అంతకు ముందు తయారైనదాన్ని పురాతనమంటుంది. కెనడా గీత 1898కి ముందు. బ్రిటన్ 2021లో చేసిన నిబంధన 1939 సెప్టెంబరు 1కి ముందు తయారై, జాబితాలోని పాతబడిన తూటాలను వాడేదై ఉండాలంటుంది. ఆ జాబితా మారినప్పుడు అంతవరకు గోడకు అలంకారంగా వేలాడిన కొన్ని తుపాకులకు ఒక్కసారిగా సర్టిఫికెట్ అవసరమైంది.

మీలాంటి వారసుల విషయానికొస్తే జర్మనీ నిబంధన పోల్చి చూడదగ్గది. వారసత్వాన్ని అంగీకరించిన నెలలోగా దరఖాస్తు చేయాలి. వేటకో క్రీడకో అవసరం చూపలేని వారసుడికి కార్డు ఇస్తారు, కాని తుపాకీ పేలకుండా నిపుణుడి చేత బిగింపు వేయించాలి. హక్కును, వాడకాన్ని అంత స్పష్టంగా విడదీసిన చట్టం నాకు మరొకటి తారసపడలేదు.

ఇప్పుడు మీ నాలుగు తుపాకుల సంగతి. వేరే రాష్ట్రంలోని వ్యక్తి నుంచి నేరుగా తుపాకీ తీసుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం సాధారణంగా ఒప్పుకోదు. వీలునామా ద్వారా గాని, వీలునామా లేని వారసత్వం ద్వారా గాని వచ్చినదానికి మినహాయింపు ఉంది, అయితే మీ సొంత రాష్ట్రంలో ఆ ఆయుధాన్ని ఉంచుకోవడం చట్టబద్ధమై ఉండాలి. కాబట్టి కేంద్రం తెరిచిన తలుపును కూడా హవాయి చట్టమే నిర్ణయిస్తుంది. ముందుగా హవాయిలో మీ కౌంటీ పోలీసుల దగ్గర అనుమతికి దరఖాస్తు చేయండి. అనుమతి చేతికి వచ్చేదాకా ఆయుధాలు ఫ్లోరిడాలో వీలునామా అమలుచేసే వ్యక్తి అధీనంలో తాళం వేసి ఉండనివ్వండి. ఫ్లోరిడా నుంచి రిజిస్ట్రేషన్ కాగితం కోసం ఎదురుచూడకండి. దాని స్థానంలో వీలునామా నకలు, వీలునామాల అమలును చూసే ప్రొబేటు కోర్టు అమలుకర్తకు ఇచ్చిన నియామక పత్రం, ఒక్కొక్క ఆయుధం తయారీదారు, మోడలు, కేలిబరు, సీరియల్ నంబరు రాసి అమలుకర్త సంతకం చేసిన జాబితా దగ్గర ఉంచుకోండి. ఆయుధాలను మీ వెంట తెచ్చుకోవడంకన్నా ఫ్లోరిడా డీలరు నుంచి హవాయి డీలరుకు పంపించడం ఖర్చుతో కూడినదైనా నేను దాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే ప్రతి అడుగుకూ ఒక రాత మిగులుతుంది. హవాయిలో నమోదైన వ్యక్తుల వివరాలను 2016 చట్టం ప్రకారం ఎఫ్‌బీఐ నడిపే అరెస్టుల సమాచార సేవకు జతచేయవచ్చు. తర్వాత ఆ వ్యక్తి ఎక్కడైనా అరెస్టయితే హవాయి పోలీసులకు కబురు అందుతుంది. ఇది తెలిసి నమోదు చేయించడం మంచిది.

సీరియల్ నంబరు రాసుకునేటప్పుడు తొందరపడవద్దు. తొలి రోజుల్లో నేను ఒక రైఫిలు జాబితాలో గొట్టం మీద చెక్కిన పేటెంటు నంబరును సీరియల్ నంబరుగా రాశాను. ఆ తప్పును పట్టుకుని సరిదిద్దించేసరికి ఆ కుటుంబానికి నాలుగు నెలలు పట్టింది. నంబరు ఫ్రేము మీద గాని రిసీవరు మీద గాని ఉంటుంది, ఒక్కోసారి చెక్క భాగాన్ని తీస్తే తప్ప కనబడదు. అనుభవమున్న తుపాకీ మరమ్మతుదారు చేత చూపించి, ఫోటో తీయించి, ఆ ఫోటో చూసి రాయండి.

ఆ పాత షాట్‌గన్‌ను మాత్రం మిగతా మూడింటితో కలపకండి. అమెరికాలో అన్ని తుపాకులకూ సీరియల్ నంబరు తప్పనిసరి అయింది 1968 చట్టంతోనే. అంతకు ముందు చవకరకం షాట్‌గన్‌లు, చిన్న రైఫిళ్ళు ఎన్నో నంబరు లేకుండానే దుకాణాలకు వచ్చాయి. మీది అలాంటిదైతే దిగులుపడనక్కరలేదు, నంబరు ఎన్నడూ లేదని మరమ్మతుదారు రాసిచ్చిన మాటతో పోలీసులను సంప్రదించవచ్చు. కాని నంబరు ఉండి దాన్ని ఎవరో గీకివేసిన గుర్తులు కనబడితే, అలాంటి ఆయుధాన్ని తెలిసి దగ్గర ఉంచుకోవడం కేంద్ర నేరం. మీరుగా కొత్త నంబరు చెక్కించే ప్రయత్నం ఎంతమాత్రం చేయకండి. ఇంకొక పని, దాన్ని ఇల్లు కదిలించకముందే అక్కడివారి చేత గొట్టం పొడవు కొలిపించండి. తుపాకీ మూసి ఉన్నప్పుడు తూటా వెనుక భాగం ఆనుకునే ముఖం నుంచి గొట్టం చివరిదాకా 18 అంగుళాలకు తగ్గితే అది 1934 చట్టం కిందికి వస్తుంది. అది ఎప్పుడో చట్టప్రకారం కేంద్ర రిజిస్టరులో నమోదై ఉంటే ఆ కాగితం మీ పెదనాన్నగారి పెట్టెల్లో ఎక్కడో ఉండవచ్చు, అప్పుడు వారసుడి రాష్ట్ర చట్టం ఒప్పుకునే పక్షంలో ఏటీఎఫ్ ఫారం ద్వారా వారసుడి పేరుకు పన్ను లేకుండా మార్చుకునే పద్ధతి ఉంది. నమోదు కాలేదని తేలితే, హేన్స్ తీర్పు తర్వాతి చట్టం ప్రకారం చేతిలో ఉన్నవారు ఇప్పుడు దాన్ని నమోదు చేయించుకునే దారి లేదు. అలాంటప్పుడు దాన్ని ఎవరూ ఎక్కడికీ తీసుకువెళ్ళకుండా, అమలుకర్త ఒక న్యాయవాది ద్వారా ఏటీఎఫ్ స్థానిక కార్యాలయానికి కబురుచేసి అప్పగించాలి. అప్పుడు హవాయిలో అనుమతికి దరఖాస్తును మిగిలిన మూడింటికే పెట్టుకోండి.